నాన్న షుగర్ మాత్ర, తమ్ముడు చదివిన పేపరు

ప్రశ్న: మాది గుంటూరు. నాన్నగారికి 62 ఏళ్లు. మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమాస్తాగా చేసేవారు. మార్చిలో పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది. మూడో స్టేజి అన్నారు. తీసిన 16 లింఫ్ గ్రంథుల్లో రెండింటిలో ఉందట. ఎనిమిది కీమోల్లో నాలుగు అయ్యాయి. ఆయనకి పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్‌తో పాటు విల్డాగ్లిప్టిన్ 50 పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటారు. బయోటెక్నాలజీ చదువుతున్న మా తమ్ముడు ఒక పరిశోధన పేపరు చదివాడు. సీడీ26 అనే ఎంజైమ్ పైన ఉన్న క్యాన్సర్ కణాలే లివర్‌కి పాకుతాయట. నాన్న మాత్ర ఆపేది కూడా ఆ ఎంజైమ్‌నేనట. అందుకని డోసు పెంచితే క్యాన్సర్ పాకదంటాడు. మా బాబాయికి వాట్సాప్‌లో ఇంకోటి వచ్చింది, ఆ మాత్రల వల్లే క్యాన్సర్ పాకుతుందని. బాబాయి మాట విని నాన్న పది రోజులుగా ఆ మాత్ర మానేశారు. నిన్న షుగర్ 340 ఉంది. డాక్టరుగారిని అడగాలంటే భయం, నెట్ చూసి వచ్చారా అని కసురుకుంటారేమోనని. సీడీ26 టెస్టు చేయించాలా? మేం ఎవరి మాట వినాలి? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. (ఒక కూతురు)

జవాబు:

అమ్మా,

ఎంజైమ్ సంగతి తర్వాత. ముందు ఆ 340 సంగతి చూడండి. ఇది చదవడం ఆపి అయినా సరే, నాన్నగారికి షుగర్ మందులు రాసే డాక్టరుకి ఇవాళే ఫోన్ చేయండి. పది రోజులుగా ఫలానా మాత్ర మానేశారు, షుగర్ ఇంత ఉంది, కీమో నడుస్తోంది అని మూడు ముక్కలు చెప్పండి. మాత్ర ఎలా మళ్లీ మొదలుపెట్టాలో, ఇన్సులిన్ అవసరమో ఆయన చెబుతారు. ఈలోగా వాంతులు, విపరీతమైన దాహం, మగతగా పడుకుని ఉండటం కనిపిస్తే ఫోన్లు వద్దు, నేరుగా ఆస్పత్రికే తీసుకెళ్లండి.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, కీమో రోజున వాంతులు రాకుండా డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు. దానితో రెండు మూడు రోజులు షుగర్ ఎలాగూ ఎగురుతుంది. మాత్ర కూడా లేకపోతే ఆ ఎగరడానికి అడ్డేముంటుంది? షుగర్ ఎక్కువుంటే ఇన్ఫెక్షన్ తొందరగా పట్టుకుంటుంది. ఒంట్లో నీరు తగ్గిపోతుంది. అప్పుడు కీమో వాయిదా వేస్తారు. మా బావగారి విషయంలో ఇదే జరిగింది. ఎవరో పేపరు కటింగు ఇచ్చారని మాత్ర మానేసి, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కీమోకని వెళ్తే వేలి చివర చుక్క రక్తం తీసి చూసి, వెనక్కి పంపేశారు. రెండు వారాలు పోయాయి. క్యాన్సర్ పాకుతుందన్న భయంతో మాత్ర మానేసి, క్యాన్సర్‌కి వేసే మందునే వెనక్కి నెట్టుకున్నాం. మీ ఇంట్లో ఆ పని జరగనివ్వకండి.

నేను మందులు రాసే డాక్టర్ని కాదు. మెడికల్ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. కాబట్టి ఫలానా మాత్ర వేయండి, తీయండి అనే హక్కు నాకు లేదు. ఎంజైమ్‌ల గురించి మాత్రం మాట్లాడగలను. మీ తమ్ముడూ మీ బాబాయీ ఇద్దరూ ఉత్తినే కల్పించి చెప్పలేదు. ఇద్దరి మాటల వెనకా నిజమైన పరిశోధనలు ఉన్నాయి. తేడా ఎక్కడొచ్చిందో చూద్దాం.

సీడీ26 అనేది కణం పొరలో కాలు పాతుకుని, తల బయటికి పెట్టుకుని ఉండే ప్రొటీన్. దీనికే డీపీపీ-4 అని ఇంకో పేరు. బళ్లో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు ఉన్న పిల్లాడిలాగా. 1966లో హోప్సు-హావు, గ్లెన్నర్ అనే ఇద్దరు దీన్ని ఎంజైమ్‌గా గుర్తించారు. రోగనిరోధక కణాల మీద గుర్తు కోసం వెతుకుతున్నవాళ్లు వేరే దారిలో వచ్చి దీనికి సీడీ26 అని పేరు పెట్టారు. రెండూ ఒకటేనని తర్వాత తెలిసింది. చిన్నపేగు లోపలి గోడ మీద, కిడ్నీలో, లివర్‌లో, టీ కణాలనే రోగనిరోధక కణాల మీద, ఇలా ఒంట్లో చాలాచోట్ల ఉంటుంది. కొంత రక్తంలో విడిగా కూడా తిరుగుతుంది. మెర్స్ అనే శ్వాసకోశ జబ్బు తెచ్చే వైరస్ మన కణాల్లోకి దూరేది దీన్ని పట్టుకునేనని 2013లో బయటపడింది. అంటే ఇది క్యాన్సర్ కోసం పుట్టిన దుష్టశక్తి ఏమీ కాదు. మీలోనూ నాలోనూ ఈ క్షణాన పని చేసుకుంటూనే ఉంది.

ఆ పనేమిటో నాన్నగారికి నాకన్నా బాగా అర్థమవుతుంది. యార్డు దగ్గర మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లని ఆయన రోజూ చూసి ఉంటారు. కుప్ప ముందు కూర్చుని, కాయని కోయరు, చితక్కొట్టరు. తొడిమ పట్టుకుని పుటుక్కున తుంచేస్తారు, అంతే. కాయ కాయలాగే ఉంటుంది. కానీ అది ఇక తొడిమ లేని సరుకు, కొనేవాడు వేరు, రేటు వేరు. ఈ ఎంజైమ్ చేసేదీ అచ్చం అదే. ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాలనే పూసలు వరసగా గుచ్చిన దండ అనుకోండి. ఆ దండ మొదట్లో రెండో పూస ప్రోలీన్ గానీ అలనీన్ గానీ అయితే, మొదటి రెండు పూసల్నీ కలిపి తుంచేస్తుంది. మిగతా దండ జోలికి పోదు. ఆ రెండు పూసలూ పోయాక ఆ ప్రొటీన్ పని మారిపోతుంది. చాలాసార్లు ఆగిపోతుంది కూడా.

షుగర్ మాత్ర కథ ఇక్కడే మొదలైంది. మనం అన్నం తినగానే పేగులోంచి జీఎల్‌పీ-1 అనే హార్మోన్ వస్తుంది. ఇన్సులిన్ వదలమని క్లోమానికి కబురు పెట్టేది అదే. ఈ ఎంజైమ్ దాని తొడిమ కూడా తుంచేస్తుంది. రెండు నిమిషాలు తిరిగేసరికి సగం హార్మోన్ పనికిరాకుండా పోతుంది. ఆ తుంచడాన్ని ఆపితే హార్మోన్ ఇంకాసేపు నిలబడుతుంది కదా అన్న ఆలోచనే గ్లిప్టిన్ మందులు. అమెరికాలో 2006లో సిటాగ్లిప్టిన్‌తో మొదలయ్యాయి. విల్డాగ్లిప్టిన్‌కి మన దేశంలో 2019 డిసెంబరులో పేటెంట్ అయిపోయింది. రేటు పడిపోయింది. అప్పట్నుంచి షుగర్ ఉన్న ఏ ఇంట్లో మందుల డబ్బా తెరిచినా ఏదో ఒక గ్లిప్టిన్ కనిపిస్తోంది.

ఇప్పుడు మీ తమ్ముడి పేపరు. నాకు తెలిసి అది హాంకాంగ్ విశ్వవిద్యాలయం వాళ్లది, 2010లో వచ్చింది. మంచి పని. పెద్దపేగు క్యాన్సర్ గడ్డలో కణాలన్నీ ఒకలాంటివి కావు. వాటిలో కొన్నే కొత్తచోట మళ్లీ గడ్డని మొలిపించగలవు. ఆ కొన్నింటిలోనూ సీడీ26 మోసే కణాలు ఒక గుంపు. లివర్‌కి పాకిన రోగుల్లో ఇవి పేగులోని గడ్డలోనూ, లివర్‌లోని గడ్డలోనూ కనిపించాయి. ఈ కణాల్ని వేరుచేసి ఎలుక పేగు గోడలో పెడితే దూరపు అవయవాలకి పాకాయి. సీడీ26 లేని కణాలు పెడితే పాకలేదు. వైద్యానికి వచ్చిననాటికి ఎక్కడికీ పాకని రోగుల్లో కూడా, గడ్డలో ఈ కణాలు ఉన్నవాళ్లకి తర్వాత పాకే ముప్పు ఎక్కువని చూశారు. పైగా ఇవి పక్క కణజాలంలోకి చొచ్చుకుపోవడంలో చురుకైనవి, కీమోకి తొందరగా లొంగనివి.

అక్కడిదాకా మీ తమ్ముడు చెప్పింది తప్పు కాదు. లివరే ఎందుకంటారా, పెద్దపేగు నుంచి బయల్దేరే రక్తం పోర్టల్ సిర ద్వారా ముందు లివర్‌కే చేరుతుంది. ఊడిన కణానికి మొదటి మజిలీ అదే. అందుకే ఈ క్యాన్సర్‌లో మొదట లివర్‌నే చూస్తారు.

తప్పటడుగు ఆ తర్వాతి వాక్యంలో పడింది. "సీడీ26 ఉన్న కణాలు పాకుతాయి" అన్నదాన్ని "సీడీ26 వల్లే పాకుతాయి" అని చదువుకున్నాడు. విజయవాడ పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో చేతిలో పెట్టె పట్టుకుని నిలబడ్డవాణ్ని చూసి, ఊరెళ్తున్నాడని చెప్పేయచ్చు. ఆ పెట్టె లాక్కుంటే ప్రయాణం ఆగుతుందా? పెట్టెలో టికెట్టూ డబ్బూ ఉంటే ఆగుతుంది. రెండు లుంగీలూ ఒక తువ్వాలూ ఉంటే నవ్వుకుంటూ బస్సెక్కేస్తాడు. సీడీ26 ప్రయాణికుడి గుర్తు అని ఆ పేపరు బాగానే చూపించింది. అది టికెట్టో తువ్వాలో చెప్పడానికి వేరే ప్రయోగాలు కావాలి.

సరే, టికెట్టే అనుకుందాం. అప్పుడైనా డోసు పెంచితే లాభముందా? ఇక్కడ ఎంజైమ్ శరీరాన్ని కొంచెం దగ్గరగా చూడాలి. తొడిమ తుంచే నోరు ఒక్కటే కాదు దీనికి, పట్టుకునే చేతులు కూడా ఉన్నాయి. కణాల చుట్టూ ఉండే మెత్తటి అల్లికలో ఫైబ్రోనెక్టిన్, కొల్లాజెన్ అనేవి ఉంటాయి. సీడీ26 వాటిని పట్టుకోగలదు. అడెనోసిన్ డీఅమినేజ్ అనే ఇంకో ఎంజైమ్‌ని వీపు మీద మోయగలదు. కణం లోపలికి కబుర్లు కూడా పంపిస్తుంది. ప్రయాణం చేసే క్యాన్సర్ కణానికి తుంచే నోటికన్నా ఈ పట్టుకునే చేతులే ఎక్కువ ఉపయోగపడవచ్చు. విల్డాగ్లిప్టిన్ చేసేది నోట్లో పుల్ల అడ్డం పెట్టడమే. ప్రొటీన్ కణం మీద ఉన్నచోటే ఉంటుంది, చేతులు చేతుల్లాగే ఉంటాయి.

పైగా నాన్నగారు వేసుకునే 50, 50 మోతాదుకే రక్తంలో ఈ ఎంజైమ్ తుంచే పని చాలావరకు ఆగిపోతుంది. ఆగిపోయినదాన్ని ఇంకా ఆపడమేమిటి? రోజుకి 100 మిల్లీగ్రాములు దాటి ఈ మందు ఇవ్వరు. ఈ మందు వేసుకునేవాళ్లకి లివర్ ఎంజైమ్‌లు పెరగకుండా కనిపెట్టుకుని ఉండాలి. కీమో మందులు కూడా లివర్ మీదే భారం వేస్తాయి. కాబట్టి డోసు పెంచాలన్న తమ్ముడి ఆలోచనకి కాగితం మీదే చుక్క పెట్టేయండి. మాత్రల డబ్బా దాకా రానివ్వద్దు.

ఇక బాబాయిగారి వాట్సాప్. దాని వెనక ఉన్నది 2016లో చైనా పరిశోధకులు చేసిన పని. సాక్సాగ్లిప్టిన్, సిటాగ్లిప్టిన్ మందులు ఇచ్చిన ఎలుకల్లో, అప్పటికే ఉన్న క్యాన్సర్ ఇతర చోట్లకి పాకడం ఎక్కువైంది. కొత్తగా క్యాన్సర్ రావడం పెరిగిందని కాదు, ఉన్నది పాకిందని. కారణం కూడా వాళ్లు వేరేది చూపించారు. కణాల్లో ఎన్‌ఆర్‌ఎఫ్2 అనే రక్షణ వ్యవస్థ మేల్కొని, క్యాన్సర్ కణాలకే గొడుగు పట్టిందని. ఇది చదివి ఎవరికైనా గుండె జారుతుంది, ఒప్పుకుంటాను.

కానీ దానికి ఏడాది ముందు, 2015లో, పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ బృందం ఎలుకల మేతలో సిటాగ్లిప్టిన్ కలిపి పెట్టింది. ఆ ఎలుకల్లో టీ కణాలు గడ్డలోకి ఎక్కువగా చేరాయి, గడ్డ ఎదుగుదల మందగించింది. అదే మందు, ఫలితం మాత్రం ఎదురు. ఎలా సాధ్యం?

మళ్లీ తొడిమల దగ్గరికే రావాలి. ఒంట్లో కణాల్ని "ఇటు రండి" అని పిలిచే ప్రొటీన్లు కొన్ని ఉంటాయి. సీఎక్స్‌సీఎల్10 అనేది టీ కణాల్ని, అంటే మన సైనికుల్ని గడ్డ దగ్గరికి పిలుస్తుంది. సీఎక్స్‌సీఎల్12 అనేది లివర్, ఊపిరితిత్తులు, ఎముక మజ్జలాంటి చోట్ల నుంచి పిలుస్తుంది. ఆ పిలుపు వినగల క్యాన్సర్ కణాలు అటు నడుస్తాయి. మన ఎంజైమ్‌కి ఈ తేడాలు తెలియవు. రెండో పూస ప్రోలీన్ ఉందా, తుంచెయ్, అంతే దాని లెక్క. రెండింటి తొడిమలూ తుంచేస్తుంది. కాబట్టి దాని నోరు కడితే సైనికుల్ని పిలిచే కేకా నిలబడుతుంది, దొంగల్ని పిలిచే కేకా నిలబడుతుంది. ఏది గట్టిగా వినపడుతుందన్నది ఏ క్యాన్సర్, ఒంట్లో ఎక్కడ, ఏ దశలో అన్నదాన్ని బట్టి మారుతుంది. మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లోనైతే కథ తిరగబడుతుంది. మామూలు కణాలు క్యాన్సర్‌గా మారేటప్పుడు ఈ ఎంజైమ్‌ని పోగొట్టుకుంటాయి, తిరిగి పెట్టిస్తే కొంచెం దారికొస్తాయి. పెద్దపేగులో ప్రయాణికుడి గుర్తు, చర్మంలో కాపలాదారు. అందుకే ఈ ఎంజైమ్ మంచిదా చెడ్డదా అని అడిగితే క్లాసులో పిల్లలకి నేనెప్పుడూ జవాబు చెప్పలేదు. ఎక్కడ అని తిరిగి అడిగేవాణ్ని.

వాట్సాప్‌లో ఒక విచిత్రం గమనించారా? ప్రయోగం ల్యాబులో మొదలయ్యేటప్పుడు "ఎలుకల్లో" అని ఉంటుంది. మీ బాబాయి ఫోన్‌కి చేరేసరికి ఆ ఒక్క మాటే రాలిపోతుంది.

మరి మనుషుల్లో? గ్లిప్టిన్లు గుండెకి హాని చేస్తాయేమో చూడటానికి చాలా పెద్ద పరీక్షలు జరిగాయి. సాక్సాగ్లిప్టిన్‌తో 16,492 మంది మీద, సిటాగ్లిప్టిన్‌తో 14,671 మంది మీద. మాత్ర వేసుకున్నవాళ్లలో మొత్తమ్మీద క్యాన్సర్లు ఎక్కువ కాలేదు. అయితే నిజాయితీగా ఒకమాట చెప్పాలి. ఆ పరీక్షలు షుగర్ రోగుల మీద, రెండు మూడేళ్లపాటు జరిగాయి. క్యాన్సర్ ఉన్నవాళ్లలో అది పాకుతుందా అన్నది వాటి ప్రశ్న కాదు. దానికి దగ్గరగా వచ్చేది 2019లో అమెరికాలో పాత రికార్డులు తిరగేసి చేసిన ఒక లెక్క. పెద్దపేగు, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పాటు షుగర్ ఉన్నవాళ్లలో గ్లిప్టిన్ వాడినవారు కొంచెం ఎక్కువకాలమే బతికారని తేలింది. రికార్డులు తిరగేసి చేసిన లెక్కల్ని నేను కొంచెం అనుమానంతోనే చూస్తాను. ఏ రోగికి ఏ మాత్ర ఎందుకు రాశారో ఆ కాగితాల్లో పూర్తిగా ఉండదు. కానీ బాబాయి భయపడ్డట్టు జరుగుతుంటే లెక్క ఇటు మొగ్గకూడదు కదా. దీని ఆధారంగా క్యాన్సర్‌కి మందని మాత్ర కొత్తగా మొదలుపెట్టక్కర్లేదు, క్యాన్సర్‌కి భయపడి ఉన్న మాత్ర మానక్కర్లేదు. షుగర్‌కి పనికొస్తుందా లేదా అన్నదొక్కటే చూసుకోవాలి.

ఒకవేళ బాబాయిగారి భయం ఇంట్లో వదలకపోతే, దానికీ దారి ఉంది. గ్లిప్టిన్ బదులు ఇన్సులిన్ గానీ వేరే మందు గానీ పెట్టమని డాక్టర్ని అడగచ్చు. కీమో రోజుల్లో చాలామందికి తాత్కాలికంగా ఇన్సులిన్ పెడతారు కూడా. మార్చడం తప్పు కాదు. ఏమీ లేకుండా వదిలేయడమే తప్పు. ఇంకో జాగ్రత్త. గ్లిప్టిన్, గ్లిమిపిరైడ్ పేర్లు చెవికి ఒకలాగే ఉంటాయి, మందులు పూర్తిగా వేరు. తిండి తినని రోజున గ్లిమిపిరైడ్ షుగర్‌ని ప్రమాదకరంగా పడగొట్టగలదు. గ్లిప్టిన్ ఒక్కటే ఉంటే ఆ భయం తక్కువ. స్ట్రిప్ వెనక అక్షరం అక్షరం చదవండి.

స్ట్రిప్పులు తిప్పి చూస్తున్నప్పుడే ఇంకోటి వెతకండి. కాళ్ల తిమ్మిర్లకి "నరాల బలానికి" అని రాసే మాత్రల్లో ఆల్ఫా లిపోయిక్ యాసిడ్ అని ఉంటుంది. మీ బాబాయి పట్టుకున్న ఆ 2016 ఎలుకల పేపర్లో గ్లిప్టిన్లతో పాటు పరీక్షించినది ఇదే. ఇదీ అదే పని చేసిందన్నారు. వాట్సాప్‌లో దీని ఊసు వచ్చి ఉండదు. ఇక్కడ నా అభిప్రాయం వేరుగా ఉంటుంది. షుగర్ మందు లేకపోతే షుగర్ పెరుగుతుంది, ఎదురుగా 340 కనపడుతోంది. ఈ మాత్ర లేకపోతే పెద్దగా మునిగేదేమీ లేదు. కాబట్టి కీమో అయ్యేదాకా ఇది అవసరమా అని క్యాన్సర్ డాక్టర్ని అడగడం తెలివైన ప్రశ్న. యాంటీ ఆక్సిడెంట్లు అని డబ్బాల్లో అమ్మే పొడులకీ ఇదే ప్రశ్న వర్తిస్తుంది.

తిమ్మిర్లంటే గుర్తొచ్చింది. మూడో స్టేజికి మూడు వారాలకోసారి ఎనిమిది కీమోలంటే చాలామటుకు ఆక్సాలిప్లాటిన్ రక్తనాళంలోకి ఎక్కించి, కెపెసిటబిన్ మాత్రలు ఇంటికిస్తారు. ఆక్సాలిప్లాటిన్ పడినవాళ్లకి చల్లటిది తగిలితే కరెంట్ షాక్ కొట్టినట్టుంటుంది. ఫ్రిజ్ తలుపు పట్టుకున్నా, చల్లటి మజ్జిగ గ్లాసు పట్టుకున్నా వేళ్లు జివ్వుమంటాయి, గొంతు పట్టేసినట్టవుతుంది. మన గుంటూరు ఎండలకి ప్రేమకొద్దీ ఎవరో ఒకరు చల్లటివే చేతికిస్తారు. ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. షుగర్ వల్ల నరాలు ముందే నలిగి ఉంటే ఈ మందు తిమ్మిరి ఇంకా ఎక్కువ చేస్తుంది. చొక్కా బొత్తాం పెట్టుకోవడం కష్టమవుతోందా, చెప్పు జారిపోయినా తెలియట్లేదా, ఇలాంటివి కీమోకి వెళ్లినప్పుడల్లా చెప్పండి. మోతాదు సర్దుతారు. మగవాళ్లు ఇవి చెప్పరు, మీరే చెప్పాలి.

టెస్టు గురించి అడిగారు. సీడీ26 టెస్టు వద్దు. పరిశోధనలకి పనికొస్తుంది గానీ, వచ్చిన రిజల్టుని బట్టి నాన్నగారి వైద్యంలో ఒక్క మాత్ర కూడా మారదు. వైద్యం మార్చని టెస్టుకి డబ్బు పెట్టడమంటే టెన్షన్‌ని రేటు కట్టి కొనుక్కోవడమే.

ఆ డబ్బూ ఆ శ్రద్ధా ఇంకో చోట పెట్టండి. ఆపరేషన్‌లో తీసిన ముక్కని మైనం బిళ్లలో పెట్టి ఆస్పత్రిలో దాస్తారు. దాని మీద ఎంఎంఆర్ లేదా ఎంఎస్ఐ టెస్టు చేశారేమో బయాప్సీ రిపోర్టులో చూడండి. చేయకపోతే అడగండి. కణం తన డీఎన్‌ఏలో తప్పులు దిద్దుకోగలుగుతోందా లేదా అని చెప్పే టెస్టు ఇది. దిద్దుకోలేకపోతున్న కేసుల్లో కొన్ని లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య జబ్బు వల్ల కావచ్చు. అలా తేలితే మీకూ తమ్ముడికీ బాబాయికీ కూడా పరీక్షలు కావాలి. తేలకపోయినా, నాన్నకి వచ్చింది కాబట్టి మీరిద్దరూ 40 ఏళ్లకల్లా పేగు పరీక్షలు మొదలుపెట్టాలి. బాబాయిగారు ఆ వయసు ఎప్పుడో దాటి ఉంటారు. అన్నగారి మాత్రల మీద చూపిన పట్టుదల తన కొలనోస్కోపీ మీద చూపించమనండి. నవ్వులాటకి అనడం లేదు, మీ ఉత్తరం మొత్తంలో వెంటనే డాక్టర్ని కలవాల్సిన రెండో మనిషి ఆయనే.

క్యాన్సర్ తిరిగి రాకుండా మీ చేతిలో ఉన్నదేమిటో కూడా చెప్పనా? కీమోలు వేళకి పూర్తి చేయడం, తర్వాత మొదటి రెండు మూడేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి సీఈఏ (క్యాన్సర్ తిరగబెడుతోందేమో పసిగట్టే) రక్తపరీక్ష, డాక్టరు చెప్పిన వేళకి సీటీ స్కాన్, ఏడాది నిండాక ఒక కొలనోస్కోపీ. ఇవి మీకు చెప్పే ఉంటారు. చాలామంది చెప్పనిది నడక. 2025లో ఒక పెద్ద పరీక్ష ఫలితాలు వచ్చాయి. నాన్నగారిలాగే పెద్దపేగు ఆపరేషనూ కీమో అయిపోయిన 889 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకి వ్యాయామం మంచిదని పుస్తకం ఇచ్చి పంపేశారు. ఇంకో జట్టుకి మూడేళ్లపాటు వెంటపడి వ్యాయామం చేయించారు. ఐదేళ్లు తిరిగేసరికి జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు పుస్తకం జట్టులో నూటికి 73.9, నడిచిన జట్టులో 80.3. మందుల కంపెనీలు ఇంతకన్నా చిన్న తేడాకి పండగ చేసుకుంటాయి. దానికి కావాల్సింది వారానికి మూడు నాలుగు రోజులు, ముప్పావు గంట నుంచి గంట, కాస్త చురుగ్గా నడవడం. ఎన్‌టీఆర్ స్టేడియంలో తెల్లవారుజామున ఎంతమంది తిరుగుతుంటారో మీకు తెలుసు. కీమో ముగిశాక, డాక్టరు సరేనన్నాక, ఆ గుంపులో నాన్నగారిని కలపండి. పక్కన తమ్ముణ్ని పంపండి. ఆ పరీక్షలో పుస్తకం కాదు పనిచేసింది, వెంటపడటం.

ఆస్పిరిన్ గురించి కూడా ఒక ప్రశ్న దాచుకోండి. ఉత్తర ఐరోపాలో చేసి 2025లో బయటపెట్టిన పరీక్షలో, గడ్డలో పీఐకే3సీఏ అనే జన్యువు దారిలో మార్పులున్న రోగులకి రోజుకి 160 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ మూడేళ్లు ఇస్తే తిరగబెట్టడం దాదాపు సగానికి తగ్గింది. అందరికీ కాదు, ఆ మార్పు ఉన్నవాళ్లకే. కడుపులో రక్తస్రావం ప్రమాదం ఉంది కాబట్టి సొంతంగా మొదలుపెట్టకండి. టెస్టు పనికొస్తుందా అని మాత్రం అడగండి.

అడగడానికి భయమన్నారు. డాక్టరు కసురుకుంటారన్న భయం మన ఊళ్లలో ఇంటింటికీ ఉంది, దానికి కారణం పూర్తిగా మనం కాదు. ఓపీలో ఒక్కో రోగికి వాళ్లకి దొరికేది కొద్ది నిమిషాలు. అందుకని నోటితో కథ మొదలుపెట్టకండి. చిన్న కాగితం మీద ఇలా రాసి, వెళ్లగానే చేతికివ్వండి: "విల్డాగ్లిప్టిన్ పది రోజులు మానేశారు, షుగర్ 340కి వెళ్లింది. గ్లిప్టిన్ వల్ల క్యాన్సర్ పాకుతుందని విని భయపడ్డాం. కొనసాగించాలా, ఇన్సులిన్‌కి మార్చాలా? నరాల మాత్ర అవసరమా? ఎంఎంఆర్ టెస్టు అయిందా?" కసురుకునేవాళ్లు కూడా రాసి ఉన్న ప్రశ్నకి జవాబు చెబుతారు. అప్పటికీ తృప్తి లేకపోతే రెండో అభిప్రాయానికి మంగళగిరి ఎయిమ్స్ మీకు దగ్గరే. రిపోర్టులూ, మాత్రల స్ట్రిప్పులూ మొత్తం ఒక సంచిలో వేసుకుని వెళ్లండి.

తమ్ముణ్ని కోప్పడకండి. పేపరు వెతికి చదివాడు, ఆ వయసులో నేను అంత కూడా చేయలేదు. గ్లూకోమీటరూ ఒక నోటుబుక్కూ అతని చేతికిచ్చి, పొద్దున పరగడుపున ఒకసారి, అన్నం తిన్న రెండు గంటలకి ఒకసారి రాయమనండి. కీమో అయిన మూడు రోజులూ ఇంకాస్త ఎక్కువసార్లు. అంకెలు 200 లోపుకి దిగాక నాకు ఒక ముక్క రాయండి.